వరంగల్‌లో ఇల్లు కొంటున్నారా? గజం రేటు చివరన అడగండి

హనుమకొండలో ఇల్లు చూడబోయినవారు గేటు దాటకముందే అడిగే ప్రశ్న ఒకటే: గజం ఎంత? మధ్యవర్తికి కావలసింది కూడా అదే. మాట రేటు దగ్గర మొదలైతే ఇక బేరమే నడుస్తుంది. కాగితాలు, వాన నీరు, చేతిలో ఉండాల్సిన డబ్బు బయానా ఇచ్చిన తర్వాత గానీ గుర్తుకు రావు. అప్పుడు వెనక్కి తగ్గాలంటే బయానా మీద ఆశ వదులుకోవాలి. అందుకే ఇక్కడ ఆ వరుసను తిరగేసి చెబుతున్నాను. వరంగల్, హనుమకొండ, కాజీపేటలను దృష్టిలో పెట్టుకుని రాసినా, కాగితాల పని కరీంనగర్‌లోనైనా మంచిర్యాలలోనైనా దాదాపు ఇంతే.

1. చేతిలో ఎంత ఉండాలో తేల్చుకోండి

బ్యాంకు ఇంటి ధర మొత్తం ఇవ్వదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణమైతే ఆస్తి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. అది కూడా బ్యాంకు పంపిన ఇంజినీరు కట్టిన విలువ మీద. మీరు ఒప్పుకున్న ధర కంటే ఆ విలువ తక్కువైతే తేడా మీరే భరించాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను సాధారణంగా ఆ విలువలో కలపరు. తెలంగాణలో 2021 జూలైలో పెంచిన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 0.5, మొత్తం 7.5 శాతం.

ఇల్లు 60 లక్షలు అనుకుందాం. బ్యాంకు 48 లక్షలు ఇస్తే మీ వాటా 12 లక్షలు. పూర్తి ధరకు రిజిస్ట్రేషన్ చేయిస్తే 4.5 లక్షలు. మధ్యవర్తికి ఒక శాతం అనుకున్నా 60 వేలు, రెండు శాతం అడిగేవారూ ఉంటారు. వకీలు, బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము వంటివాటికి అర లక్ష పెట్టుకోండి. పాత ఇల్లయితే రంగులు, కరెంటు వైర్లు, బోరు మోటారు కలిపి రెండు మూడు లక్షలు అవుతాయి. మన దగ్గర కోతుల సంగతి తెలిసిందే కనుక బాల్కనీకి గ్రిల్, ట్యాంకుకు గట్టి మూత కూడా ఇందులోనే రాసుకోండి. మొత్తం 20 లక్షలు తేలుతుంది. 12 లక్షలు పోగుచేసుకుని బయలుదేరినవారికి ఇంకో 8 లక్షల లోటు. చిట్టీ పాడి, బంగారం కుదువపెట్టి ఆ లోటు పూడ్చితే ఇంటి వాయిదాతో పాటు ఆ వాయిదాలు కూడా నెలనెలా వచ్చి కూర్చుంటాయి.

48 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ల గడువైతే నెలకు సుమారు 41,650 రూపాయలు. మొత్తం వడ్డీ దాదాపు 52 లక్షలు, అంటే అసలు కంటే ఎక్కువ. అదే రుణాన్ని 15 ఏళ్లలో తీరిస్తే నెలకు 47,270, వడ్డీ 37 లక్షలు. నెలకు 5,600 అదనంగా కట్టగలిగితే 15 లక్షలు మిగులుతాయి. అంత కుదరదంటే 20 ఏళ్లకే తీసుకుని, బోనస్ వచ్చినప్పుడో పంట డబ్బు చేతికొచ్చినప్పుడో అసలులో జమ చేయండి. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీరిస్తే బ్యాంకు జరిమానా వేయకూడదు. పన్ను ఆదా అవుతుందనే మాట మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. సొంతంగా ఉండే ఇంటి రుణంపై ఏడాదికి 2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది, కొత్త విధానంలో లేదు.

అదే గల్లీలో అలాంటి ఇంటి అద్దె ఎంతో కూడా అడిగి చూడండి. 60 లక్షల ఇంటికి 15 వేల అద్దె పలికితే ఏడాదికి వచ్చేది 3 శాతమే. ఉద్యోగం రెండేళ్లలో హైదరాబాద్‌కు మారేలా ఉంటే అద్దెకు ఉండటమే మేలని నా అభిప్రాయం.

2. నీటి సంగతి చూడండి

కాకతీయుల కాలం నుంచి ఇది గొలుసుకట్టు చెరువుల నేల. పై చెరువు నిండితే అలుగు పోస్తుంది, ఆ నీరు నాలాల గుండా కింది చెరువు చేరుతుంది. ఆ దారుల్లో కాలనీలు వెలిశాయి గానీ నీరు దారి మరచిపోలేదు. 2020 ఆగస్టులో హంటర్ రోడ్డు వైపు కాలనీలు, నయీంనగర్, సమ్మయ్యనగర్ ప్రాంతాలు మునిగాయి. 2023 జూలైలో మళ్లీ మునక, భద్రకాళి చెరువు కట్టకు గండి కూడా పడింది.

కాబట్టి ఇల్లు నచ్చితే యజమానిని కాదు, వీధి మూల కిరాణా కొట్టు ఆయనను అడగండి: ‘ఆ రెండుసార్లూ ఇక్కడ ఎన్ని అడుగులు నీళ్లు వచ్చాయి?’ అమ్మేవారికి చెప్పకుండా ఉండటానికి కారణం ఉంటుంది, ఆయనకు ఉండదు. పక్క ఇళ్ల ప్రహరీ గోడల మీద మరకలు చూడండి. కొత్తగా రంగు వేసిన గోడ కింది మూడు అడుగుల్లో రంగు ఉబ్బి ఉంటే కారణం అడగండి. వీలైతే గట్టి వాన పడిన మర్నాడే వెళ్లండి. ఎండాకాలంలో చూస్తున్నట్లయితే బోరు సంగతి అడగండి. ఆ వీధిలో ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తిరుగుతాయా, నల్లా నీరు ఎన్ని రోజులకోసారి వస్తుందో తెలుసుకోండి.

చెరువు పక్క స్థలమైతే పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడుందో నీటిపారుదల శాఖ పటంలో చూడాలి. 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల వరకు కట్టడాలు ఉండకూడదు. ‘చెరువు వ్యూ’ అని చెప్పి అమ్మే ప్లాటును ముందు ఈ కొలతతో చూడండి.

3. నేల చరిత్ర తవ్వండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే.

ముందుగా ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం, తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి, అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో అడగాలి. ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, దస్తావేజు నంబరుతో ఒకసారి వెతకండి. ఒకదానిలో కనపడనిది మరోదానిలో బయటపడుతుంది. అయితే ఈసీ శుభ్రంగా ఉందంటే అంతా శుభ్రమని కాదు. రిజిస్టరైన లావాదేవీలే అందులో ఉంటాయి. నోటి మాట మీద జరిగిన అన్నదమ్ముల పంపకం, నోటరీ ఒప్పందం, కోర్టు కేసు అందులో కనపడకపోవచ్చు. యజమాని పేరుతో కోర్టుల వెబ్‌సైటులో హనుమకొండ, వరంగల్ జిల్లాల కేసులు వెతకడానికి పది నిమిషాలు చాలు.

లింకు దస్తావేజులు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు అన్నీ అడగండి, అది కూడా ఒరిజినల్స్. ‘బ్యాంకులో ఉన్నాయి’ అంటే ఏ బ్యాంకు, ఎంత బాకీ అని రాతపూర్వకంగా తీసుకోండి. నేలను మొదట అమ్మిన పట్టాదారు వరకు వెనక్కి వెళ్లి, రెవెన్యూ శాఖ పాత భూమి రికార్డులైన పహాణీలతో పేర్లు సరిపోతున్నాయో వకీలు చేత చూపించండి. వ్యవసాయ భూమిగా ఉన్నదాన్ని ఇళ్ల స్థలంగా మార్చిన ‘నాలా’ (వ్యవసాయేతర భూమి) అనుమతి ఉందా? సాగుభూముల వివరాలు 2020 నుంచి ధరణి పోర్టల్‌లో ఉండేవి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతిలో చూడాలి. ప్రభుత్వ, అసైన్డ్, వక్ఫ్, దేవాదాయ భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. సర్వే నంబరు ఆ జాబితాలో ఉంటే అక్కడితో ఆపేయండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు, ఎన్ని చేతులు మారినా అంతే. సాదా బైనామా (రిజిస్టరు కాని తెల్లకాగితపు ఒప్పందం), నోటరీ కాగితం మీద ఇల్లు చవకగా వస్తుందంటే, చవక ఎందుకైందో అందులోనే ఉంది.

తండ్రి తాతల ఆస్తి అయితే అక్కచెల్లెళ్ల సంతకాలు తప్పనిసరి అనుకోండి. ‘కట్నం ఇచ్చి పంపించాం, వాళ్లు ఏమీ అడగరు’ అని అన్నదమ్ములు ధీమాగా చెబుతారు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత కూతురి హక్కు కొడుకు హక్కుతో సమానం. అడగనివారు ధర పెరిగాక అడుగుతారు, వారి పిల్లలు తప్పకుండా అడుగుతారు. అందరూ దస్తావేజులో అమ్మకందారులుగా గానీ ఒప్పుకున్న సాక్షులుగా గానీ సంతకం పెట్టాలి.

యజమాని అమెరికాలో ఉండి ఇక్కడి బంధువు జీపీఏ (యజమాని తరఫున వ్యవహరించే అధికారపత్రం) మీద అమ్మడం మన దగ్గర మామూలే. ఆ పత్రం అక్కడి మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరణ పొందిందా, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టారా అని చూడండి. యజమానితో వీడియోలో ఒకసారి మాట్లాడండి. ఇచ్చినవారు చనిపోతే జీపీఏ సాధారణంగా చెల్లదు. ఉత్త జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

కార్పొరేషన్‌లో కలిసిన 42 విలీన గ్రామాల్లో మరో చిక్కు ఉంది. పంచాయతీ ఆమోదించిన లేఅవుట్ అని చూపించే కాగితం చాలదు, కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి కావాలి. అది లేకపోతే అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ, అంటే ఎల్‌ఆర్‌ఎస్ పూర్తయి ఉండాలి. 2020లో వెయ్యి రూపాయలు కట్టి తీసుకున్న దరఖాస్తు రసీదును కొందరు ఎల్‌ఆర్‌ఎస్ అంటూ చూపిస్తారు. పూర్తి రుసుము కట్టి, క్రమబద్ధీకరణ ఉత్తర్వు చేతికొచ్చిందా అన్నదే ప్రశ్న. రానట్లయితే ఆ ఖర్చును ధరలోంచి తగ్గించండి.

ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి దగ్గరైతే ఇంకొకటి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. కింద ఉంటూ పైన ఒక అంతస్తు వేసి అద్దెకిద్దాం అనుకునేవారికి ఇది పెద్ద విషయం.

ఇంత వెతికించాక వకీలు చేత రెండు దినపత్రికల్లో ప్రకటన వేయించండి. అభ్యంతరాలు ఉన్నవారు ఫలానా గడువులోగా తెలపాలని రాస్తారు. బంధువులు ఏమనుకుంటారో అని అమ్మేవారు అడ్డుపడితే, ఆ బంధువులు ఎవరో తెలుసుకోవాల్సిందే.

4. ఇంటిని కొలవండి

టేపు పట్టండి. కాగితంలో 150 గజాలు, నేల మీద 138 ఉండటం అరుదేమీ కాదు. నాలుగు హద్దులూ దస్తావేజుతో పోల్చండి, రోడ్డు వెడల్పు కూడా. మున్సిపల్ అనుమతి ఎన్ని అంతస్తులకో, కట్టినవి ఎన్నో చూడండి. అనుమతి లేని అంతస్తుకు బ్యాంకు విలువ కట్టకపోవచ్చు. గోడల పగుళ్లు, స్లాబు చెమ్మ వంటివాటికి ఒక మేస్త్రీని వెంట తీసుకెళ్తే చాలు.

5. అపార్టుమెంటు అయితే

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. నంబరు లేకుండా ‘ప్రీ లాంచ్’ ధర అంటే డబ్బు ఇవ్వకండి. రిజిస్టరు చేసిన ఒప్పందం లేకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే వైశాల్యం) ఎంత, నేలలో మీ వాటా ఎన్ని గజాలు అని అడగండి. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం. ధర 45 లక్షలు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్లు మించకపోతే ఒక శాతం. పూర్తయినట్లు ధ్రువపత్రం వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

6. ఇప్పుడు ధర మాట్లాడండి

మామునూరు ఎయిర్‌పోర్టు, టెక్స్‌టైల్ పార్కు, ఔటర్ రింగ్ రోడ్డు, కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ: మధ్యవర్తి నోట ఈ నాలుగూ వరుసగా వస్తాయి. అవి నిజమే, కానీ మీరు ఉండటానికి కొంటున్నప్పుడు రేపటి ధరను ఈరోజే చెల్లించాల్సిన పని లేదు. అదే కాలనీలో ఇటీవల జరిగిన రిజిస్ట్రేషన్ల ధరలు, బ్యాంకు ఇంజినీరు కట్టిన విలువ చేతిలో పెట్టుకుని కూర్చోండి. దక్షిణ ముఖం ఇల్లు మీకు అభ్యంతరం కాకపోతే బేరం మీ వైపే ఉంటుంది. మూఢంలో, ఆషాఢంలో కొనేవారు తగ్గుతారు, అప్పుడు అడిగి చూడండి.

బయానా వీలైనంత తక్కువ ఇవ్వండి, అది కూడా చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీతోనో. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. బ్యాంకు రుణం మంజూరు కాకపోయినా, కాగితాల్లో లోపం తేలినా బయానా తిరిగి ఇస్తామన్న షరతు ఒప్పందంలో రాయించండి. తక్కువ ధరకు రిజిస్ట్రేషన్ చేసుకుందాం, మిగతాది నగదు అంటే ఒప్పుకోకండి. రుణం తగ్గిపోతుంది, రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువగా కనపడి పన్ను మీరే కట్టాలి.

7. రిజిస్ట్రేషన్, ఆ తర్వాత

ధర 50 లక్షలు, అంతకు మించితే అమ్మేవారికి ఇచ్చే సొమ్ములో ఒక శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి వారి పాన్ మీద జమ చేసే బాధ్యత మీదే. అమ్మేవారు ప్రవాస భారతీయులైతే ఒక శాతం లెక్క వర్తించదు, చాలా ఎక్కువ కోయాలి. ముందుగానే ఆడిటరును కలవండి, కోయకపోతే పన్ను శాఖ అడిగేది మిమ్మల్నే. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం ఈసీ మరోసారి తీయండి.

ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బాకీలు లేవన్న రసీదులు తీసుకున్నాకే చివరి చెక్కు ఇవ్వండి. ఇంటి పన్ను కార్పొరేషన్ రికార్డులో మీ పేరుకు మారిందో లేదో నెల తర్వాత చూడండి. కరెంటు మీటరు పేరు మార్పిడికి విద్యుత్ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టాలి.

బ్యాంకుకు ఒరిజినల్ దస్తావేజులు అప్పగించేటప్పుడు ప్రతి పేజీ స్కాన్ చేసుకుని, ఏ కాగితాలు ఎన్ని ఇచ్చారో జాబితా రాయించి ముద్ర వేయించుకోండి. రుణం తీరిన 30 రోజుల్లోపు బ్యాంకు వాటిని తిరిగి ఇవ్వాలి. తన తప్పు వల్ల ఆలస్యమైతే 2023 డిసెంబరు నుంచి అమలులో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఆ జాబితా లేకపోతే ఏ కాగితం రాలేదో చూపించడం కష్టం.