అంతర్యుద్ధం వార్త చదవడం ఎలా: ముందు చెక్‌పోస్టు ఎవరిదో చూడండి

సూడాన్‌లో కాల్పులు, కాంగోలో నగరం తిరుగుబాటుదారుల వశం, మాలిలో సైన్యం చేతికి అధికారం. ఇలాంటి వార్త కనపడగానే చాలామంది ఏ తెగ, ఏ మతం అని వెతికి, "ఓహో, వీళ్ళకీ వాళ్ళకీ మొదట్నుంచీ పడదన్నమాట" అనుకుని వదిలేస్తారు. నేనూ చాలాకాలం అంతే. కానీ ఆ తెగలు తరతరాలుగా అక్కడే పక్కపక్కన ఉంటున్నాయి కదా, మరి గొడవ ఈ ఏడాదే, ఈ జిల్లాలోనే ఎందుకు రాజుకుంది? తెగల పేర్లు ఎన్ని చదివినా దానికి జవాబు దొరకదు.

అందుకని పేర్లు తర్వాత చూసుకోండి, ముందు రోడ్డు మీద డబ్బు సంగతి చూడండి. సరుకు లారీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తుంటే ఎన్ని చోట్ల ఆపుతున్నారు, ఆపేవాళ్ళు ఎవరు? సోమాలియాలో అల్ షబాబ్ అనే ఇస్లామిస్టు సాయుధ సంస్థ తన చెక్‌పోస్టు దగ్గర డబ్బు తీసుకుని రసీదు ఇస్తుంది, అది చూపిస్తే వాళ్ళదే తర్వాతి చెక్‌పోస్టులో మళ్ళీ కట్టక్కర్లేదు. ప్రభుత్వం వైపు సాయుధుల దగ్గర ఆ భరోసా ఉండదు, మలుపు మలుపుకీ ఎవడో ఒకడు చెయ్యి చాపుతాడు. బాంబులు పెట్టి జనాన్ని చంపే సంస్థ పన్ను వసూలులో మాత్రం ప్రభుత్వం కంటే పద్ధతిగా ఉందంటే, దాన్ని తుపాకులతోనే ఎందుకు తుడిచెయ్యలేకపోతున్నారో అర్థమైపోతుంది.

తర్వాత పొలం తగువు ఎవరి దగ్గరికి వెళ్తోందో చూడండి. వార్తల్లో ఇది పెద్దగా రాదు, కాస్త వెతుక్కోవాలి. 2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ చేతికి పోయినప్పుడు ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది గానీ, పల్లెల్లో చాలామంది అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే గట్టు తగాదాలు వాళ్ళ కోర్టులకే తీసుకెళ్తున్నారు. సర్కారు కోర్టులో లంచం, ఏళ్ళ తరబడి వాయిదాలు. తాలిబాన్ దగ్గర భయం ఉంది, కానీ తీర్పు త్వరగా వస్తుంది, వచ్చాక అమలవుతుంది కూడా.

మూడోది జీతాలు. సైన్యంలో ఇన్ని లక్షలమంది అని కాగితం మీద ఉన్న లెక్క నమ్మకండి. ఇరాక్‌లో 2014 జూన్‌లో మోసుల్ నగరం, అక్కడి సైన్యం కంటే ఎన్నో రెట్లు చిన్నదైన ఐసిస్ దండుకి కొద్ది రోజుల్లోనే లొంగిపోయింది. అదే ఏడాది నవంబరు చివర్లో ప్రధాని హైదర్ అల్ అబాది పార్లమెంటులో ఒప్పుకున్నది ఏంటంటే, పేరు మాత్రమే ఉండి మనిషి లేని సైనికులు 50,000 మంది, వాళ్ళ జీతాలు పైవాళ్ళ జేబుల్లోకి. ఉన్నవాళ్ళకే జీతం అందకపోతే ఇంకో రకం. సియెర్రా లియోన్ యుద్ధంలో జనం "సోబెల్" అనే మాటే పుట్టించారు, పగలు సోల్జరు, రాత్రి రెబెల్ అని.

ఈ మూడు ప్రశ్నలూ పట్టుకుని ఇప్పుడు సూడాన్ చూడండి. 2003లో పశ్చిమాన ఉన్న డార్ఫర్ ప్రాంతంలో తిరుగుబాటు వచ్చినప్పుడు అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ అక్కడి అరబ్ సాయుధ ముఠాలకి, అంటే జంజావీద్‌కి, ఆయుధాలిచ్చి ఊళ్ళ మీదికి వదిలాడు. సొంత సైన్యాన్ని పంపడం కంటే అది చవక. 2013లో వాళ్ళనే ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పేరుతో ఒక దళంగా చేశారు, 2017లో చట్టం చేసి హోదా ఇచ్చారు, అదే ఏడాది దాని నాయకుడు హెమెద్తి చేతికి జెబెల్ ఆమిర్ బంగారు గనులు వచ్చాయి. అసలు మలుపు అక్కడే ఉంది. సొంత గని ఉన్నవాడికి ఖజానా జీతంతో ఏం పని? 2019లో బషీర్‌ని దించేటప్పుడు ఈ పాలుపోసి పెంచిన పాము కూడా అవతలి పక్షానే నిలబడింది. 2021 అక్టోబరులో సైన్యాధిపతి బుర్హాన్, హెమెద్తి కలిసి అధికారం లాక్కున్నారు, ఆ తర్వాత ఆర్‌ఎస్‌ఎఫ్‌ని సైన్యంలో కలపడానికి రెండేళ్ళు చాలని సైన్యం, పదేళ్ళు కావాలని ఆర్‌ఎస్‌ఎఫ్. 2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో కాల్పులు మొదలయ్యాయి. తెగల కోణం ఉంది, డార్ఫర్‌లో మసలీత్ తెగ జనాన్ని ఊచకోత కోశారు, అది చిన్న విషయం కాదు. కానీ ఇద్దరు జనరల్స్ మధ్య యుద్ధం తేదీతో సహా ఎందుకొచ్చిందో తెలియాలంటే గనీ, చట్టమూ, విలీనం గడువూ చూడాలి.

మృతుల అంకెల గురించి ఒక్క మాట. స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ వాళ్ళ లెక్కలో పోరులో ఏడాదికి 25 మంది చనిపోతే సాయుధ ఘర్షణ, 1,000 దాటితే యుద్ధం. ఆకలితో, మందులు దొరక్క పోయినవాళ్ళు ఇందులో రారు, కాబట్టి ఏ అంకె చూసినా అందులో ఎవరిని లెక్కపెట్టారో చూసుకోండి.

ఇక శాంతి ఒప్పందం కుదిరిందన్న వార్త వస్తే సంతకాల ఫోటో దగ్గర ఆగకండి, తుపాకీ పట్టినవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో చదవండి. నేపాల్లో 2006 నవంబరులో ఒప్పందమైతే, శిబిరాల్లో ఉన్న 19,000 మందికి పైగా మావోయిస్టుల సంగతి తేలడానికి దాదాపు ఆరేళ్ళు పట్టింది. చివరికి సైన్యంలోకి వెళ్ళింది సుమారు 1,400 మందే, ఎక్కువమంది 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని ఇంటిదారి పట్టారు. విసుగు పుట్టించే పని, కానీ యుద్ధం మళ్ళీ రాలేదు. కాంగోలో దీనికి తిరగబడ్డ కథ. అక్కడి తిరుగుబాటు దళం పేరు ఎం23, అంటే మార్చి 23, 2009లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం తేదీ. సైన్యంలో కలిసినవాళ్ళలో కొందరు ఆ ఒప్పందం అమలు కాలేదంటూ 2012లో బయటికొచ్చి, రువాండా అండతో అదే ఏడాది నవంబరులో గోమా నగరం పట్టుకున్నారు, కొద్ది రోజులకే వదిలేశారు. 2025 జనవరిలో మళ్ళీ పట్టుకున్నారు, ఈసారి అంతకు కొన్ని నెలల ముందే రుబాయాలోని కోల్టాన్ (ఫోన్లలో వాడే ఖనిజం) గనులు చేతిలో పెట్టుకుని మరీ వచ్చారు.