చిన్న ఇంజిన్ మన చేతిలో – 3వ పాఠం: పైలట్ స్క్రూ

పత్తిలో గుంటుక పాసే రోజుల్లో మా గుర్రంపోడు వైపు ఏ చేను గట్టున నిలబడినా ఒకటే మాట వినబడుతుంది: "అన్నా, వీడర్ గుంజుతలేదు. కార్బురేటర్ సెట్టింగ్ పోయింది, జర చూడు." వీడర్ అంటే కలుపు తీసే చిన్న యంత్రం, కార్బురేటర్ అంటే దాని ఇంజిన్‌కు పెట్రోలును గాలితో కలిపి ఇచ్చే భాగం. నేనూ ఒకటే అడుగుతాను: "స్క్రూను ఎవరన్నా ముట్టిండ్రా?" ఎవరూ ముట్టకపోతే సెట్టింగ్ పోవడం చాలా అరుదు. దాని కింద ఉండే స్ప్రింగ్ అంత తేలిగ్గా తిరగనివ్వదు. ఎక్కువసార్లు దోషం చెత్తది, జిగటది, లేదా నీళ్లది.

అందుకే ఫిల్టర్ కడగడం, ప్లగ్ రంగు చూడడం ముందు పాఠాల్లో పెట్టాను. అవి చేయనివాళ్లు ఇక్కడే ఆగండి. దుమ్ము పట్టిన ఫిల్టర్‌తో స్క్రూ సరిచేస్తే, ఫిల్టర్ కడిగిన రోజే లెక్క మళ్లీ తప్పుతుంది.

కార్బురేటర్ మీద రెండు స్క్రూలు కనిపిస్తాయి. ఒకటి యాక్సిలరేటర్ లివర్‌ను తోసేది. అది స్లో స్పీడు స్క్రూ, పెట్రోలుతో దానికి పని లేదు. రెండోది కార్బురేటర్ ఒంట్లోకి దిగి ఉండే చిన్నది, పైలట్ స్క్రూ. కొన్ని కొత్త ఇంజిన్లలో దీని మీద ప్లాస్టిక్ టోపీ ఉండి కొంతమేరకే తిరుగుతుంది. దాన్ని పీకి పారేయకండి.

బైకులు విప్పే అలవాటున్నవాళ్లు తడబడేది ఇక్కడే. చాలా పాత బైకుల్లో ఈ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండి గాలిని కొలుస్తుంది, బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. వీడర్ ఇంజిన్లలో ఎక్కువగా ఇంజిన్ వైపు ఉండి పెట్రోలు కలిసిన గాలిని కొలుస్తుంది. బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. స్క్రూ ఏ వైపు ఉందో చూసుకోకుండా చేయి పెట్టవద్దు.

ఇంజిన్ ఆపి, స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో లెక్కపెట్టండి. ఆ అంకె ట్యాంకు మీద మార్కర్‌తో రాయండి. ఆనగానే ఆపాలి. మొదటిసారి నేను బోల్టు బిగించినట్టు బిగించాను. సూదిలాంటి మొన మీద గాడి పడింది, ఆ తర్వాత ఎంత తిప్పినా ఇంజిన్ నిలకడగా నిలవలేదు. చివరికి స్క్రూ మార్చాల్సి వచ్చింది. రాసుకున్న అంకెకే తిరిగి రండి. అంకె తెలియని ఇంజిన్‌కు ఒకటిన్నర నుంచి రెండు చుట్ల మధ్య మొదలుపెట్టవచ్చు.

ఇక ఇంజిన్‌ను బయట, గాలి తగిలే చోట నడపండి. కొట్టం లోపల వద్దు, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. పది నిమిషాలు వేడెక్కి, చోక్ పూర్తిగా తీశాక స్లోలో పెట్టండి. స్క్రూను పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోతే ఒక చోట ఇంజిన్ తడబడుతుంది. అక్కడి నుంచి వదులు చేస్తూ పోతే మొదట నున్నగా అవుతుంది, ఇంకా పోతే బరువెక్కి గుడగుడమంటుంది. ఆ రెంటి మధ్య నిలపండి. తిప్పిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఆగి వినాలి, ఇంజిన్ వెంటనే జవాబు చెప్పదు. చివర్లో స్లో స్పీడు సరిచేయండి. ఈ తరహా ఇంజిన్లలో చాలావాటికి నిమిషానికి 1400 చుట్ల దగ్గర ఉంటుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా ఇచ్చినప్పుడు ఊపిరి ఆగినట్టయితే, ఇంకో పావు చుట్టులో సగం వదులు చేయండి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. కిలో పెట్రోలు కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే పాత సెట్టింగ్‌లో నడిచే ఇంజిన్‌కు ఈ పెట్రోలుతో గాలి పాలు ఎక్కువై మిశ్రమం కొంచెం పలచన అవుతుంది. పాత వీడర్‌కు స్క్రూ కాస్త వదులు చేస్తే స్లోలో నిలకడ రావచ్చు. ఇథనాల్ నీటిని కూడా లాగుతుంది, కాబట్టి పత్తి ఏరే దాకా ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి.

ఇంతా చేసి చేనులోకి దిగితే వీడర్ మళ్లీ గుంజకపోవచ్చు. ఈ స్క్రూ పని స్లోలోనూ, దానికి కాస్త పైనా మాత్రమే. పళ్లు మట్టిలో దిగాక పెట్రోలు మెయిన్ జెట్ అనే సన్నని రంధ్రం గుండా వస్తుంది. కోపంతో, ఇంజిన్ వేగాన్ని హద్దులో ఉంచే గవర్నర్ స్ప్రింగ్‌ను లాగి కట్టేవాళ్లను చూశాను. ఇంజిన్ హద్దు దాటి తిరిగి కనెక్టింగ్ రాడ్ విరగొట్టుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. దానికి బదులు, మట్టిలో నడుస్తుండగా చోక్ సగం మూసి చూడండి. అప్పుడు గుంజితే జెట్ మూసుకుపోయినట్టే. కింది గిన్నె విప్పి దాన్ని తీయడం వచ్చే పాఠంలో. చాలావాటికి 10 నంబర్ స్పానర్, ఒక సన్నని రాగి తీగ సరిపోతాయి.