మీటర్‌లో 38 గంటలున్న కొత్త ట్రాక్టర్ తీసుకోవచ్చా?

రేటు మాట్లాడుకుని అడ్వాన్స్ ఇవ్వబోతూ సీటెక్కి చూస్తే, ఇంజిన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటర్‌లో 38 గంటలు కనబడతాయి. అడిగితే "డెమోకి తిప్పినాం అన్నా, బండి కొత్తదే" అంటారు. ఆ మాట నిజమే కావచ్చు. 38 అనే అంకె చూసి వద్దనుకోవడమూ, పట్టించుకోకుండా సరేననడమూ రెండూ తొందరపాటే. తెలుసుకోవలసినవి మూడు: ఆ గంటలు ఏం పని చేశాయి, బండి ఎప్పుడు తయారైంది, కాగితాల్లో మొదటి పేరు ఎవరిది. జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది మూడోది, ఆ తర్వాత రెండోది. గంటల వంతు చివర్న వస్తుంది.

లెక్క వేసి చూడండి. బండి ధర 7,50,000 అనుకుందాం. యంత్రాల ఖర్చు కట్టేవాళ్లు ట్రాక్టర్ ఆయుష్షు 10,000 గంటలనీ, చివరికి మిగిలే విలువ పదో వంతనీ పెట్టుకుంటారు. అంటే 6,75,000 రూపాయలు 10,000 గంటల్లో అరిగిపోతాయి. గంటకు 67 రూపాయల 50 పైసలు. 38 గంటలకు 2,565 రూపాయలు. ఇక వయసు సంగతి. బండికి బీమా విలువ కట్టేటప్పుడు 6 నెలల లోపు 5 శాతం, 6 నెలలు దాటి ఏడాది లోపు 15 శాతం, ఏడాది నుంచి రెండేళ్ల దాకా 20 శాతం తగ్గిస్తారు. 15 శాతమంటే ఇదే బండికి 1,12,500. గంటల నష్టం వేలల్లో, వయసు నష్టం లక్షల్లో. అందుకే 38 గంటల డెమో బండి కన్నా, మీటర్‌లో 2 గంటలే ఉండి 14 నెలలుగా యార్డులో ఎండకూ వానకూ నిలబడిన "సరికొత్త" బండి దగ్గరే ఎక్కువ జాగ్రత్త పడాలి.

ఎన్ని గంటలుంటే మామూలు?

ఫ్యాక్టరీలో పరీక్ష, లారీ ఎక్కించడం, దించడం, యార్డులో జరపడం, డెలివరీకి ముందు చెకింగ్. వీటన్నిటికీ కలిపి 1 నుంచి 5 గంటలు పడతాయి. జహీరాబాద్ నుంచి వచ్చినా, మొహాలీ, హోషియార్‌పూర్ నుంచి వచ్చినా బండి లారీ మీదే వస్తుంది కాబట్టి దారిలో మీటర్ తిరగదు. ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచికి నడిపి తెచ్చారనుకున్నా, తిరుపతి నుంచి చిత్తూరుకు 70 కిలోమీటర్లు, సుమారు 3 గంటల దారి. కనుక 10 గంటలు దాటిన బండి ఎక్కడో పనిచేసిందనే అనుకోవాలి. పనిచేయడం తప్పేమీ కాదు, అది దాచడం తప్పు.

ముందు మీటర్ నమ్మదగిందో కాదో తేల్చుకోండి. కేబుల్‌తో నడిచే పాత పద్ధతి మీటర్ గడియారం లాంటిది కాదు. ఇంజిన్ తిరిగిన చుట్లను గంటలుగా మార్చి చూపిస్తుంది. 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర గంటకు గంట పడేలా కట్టిన మీటర్, 750 మీద గంటసేపు స్లోలో నిలబెడితే అరగంటే చూపిస్తుంది. కేబుల్ నట్టు విప్పేస్తే అసలేమీ పడదు. అందుకని ఆ నట్టు మీద ప్లయరు పళ్ల గుర్తులున్నాయేమో చూడండి. ఆ తర్వాత ఫోన్‌లో టైం పెట్టుకుని, కంపెనీ పుస్తకంలో చెప్పిన ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ నడపండి. చివర వేరే రంగులో ఉండే అంకె గంటలో పదో వంతు, కాబట్టి 6 నిమిషాలకు అది ఒక్క గడి జరగాలి. డిజిటల్ మీటర్ ఇంజిన్ నడిచినంతసేపూ అసలు టైమే లెక్కపెడుతుంది. దాంతో ఈ బాధ లేదు గానీ, మీటర్లన్నీ ఉండే క్లస్టర్ మొత్తం మార్చారేమో స్క్రూల తలలు చూస్తే అర్థమవుతుంది.

బండి ఏం పని చేసిందో బండే చెబుతుంది

బండి వెనక పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్ట్ మూత తీయండి. కొత్త షాఫ్ట్ పళ్ల మీద తుప్పు పట్టకుండా పూసిన గ్రీజో, రంగో ఉంటుంది. రోటావేటర్ తగిలించి తిప్పితే పళ్లకు ఒక పక్క మాత్రమే మెరుపు వస్తుంది. వెనక పనిముట్లు తగిలించే లోయర్ లింకుల బాల్ రంధ్రాలు, టాప్ లింక్ పిన్ను చూస్తే కల్టివేటర్ పని తెలుస్తుంది. ట్రాలీ లాగిందా లేదా అన్నది హుక్కు చెబుతుంది. రంగు పోవడం ఒక్కటే అయితే ఫరవాలేదు. హుక్కు రంధ్రం అంచు ఇనుము నలిగి పెదవిలా బయటికి వచ్చిందంటే బరువైన లోడే లాగింది. చెరకు, ఇటుక, ఇసుక లోడ్లతో మొగిలి ఘాట్ ఎక్కిన 20 గంటలూ, మెత్తటి నేలలో చెనిక్కాయ దుక్కి దున్నిన 20 గంటలూ మీటర్‌లో ఒకే అంకె. ఇంజిన్‌కు, క్లచ్‌కు, బ్రేకులకు మాత్రం ఒకటి కాదు.

కింద పడుకుని చూడటానికి మొహమాటపడొద్దు. బండి పైనంతా కడిగి తుడుస్తారు. గేర్‌బాక్స్ మీద, ఫుట్‌బోర్డు లోపలి మూలల్లో, ముందు యాక్సిల్ పిన్ దగ్గర మట్టి మిగిలిపోతుంది. ఎర్రమట్టి పొడిగా ఉంటే దుక్కి పని. ఎండిన అడుసు పొలుసుల్లా అంటుకుని ఉంటే మళ్లలో దిగింది. వెనక చక్రాల డిస్కు, రిమ్ము మీద గీతలు, నొక్కులు కనబడితే కేజీ వీల్స్ (అడుసులో దిగడానికి కట్టే ఇనప చక్రాలు) కట్టారు. రేడియేటర్ రెక్కల్లో పొట్టు, గడ్డి ఇరుక్కున్నాయేమో కూడా చూడండి. గ్రీజు నిపుల్స్ మీద, రబ్బరు పైపుల మీద కూడా రంగు పడి ఉంటే బండికి మళ్లీ స్ప్రే కొట్టారు. ఎందుకు కొట్టారో అడగండి.

అడుసులో దిగిన బండికి ఇంకో పరీక్ష ఉంది. రాత్రంతా కదలకుండా నిలబెట్టి, పొద్దున స్టార్ట్ చేయకముందే గేర్ ఆయిల్ డ్రెయిన్ ప్లగ్గును మెకానిక్ చేత రెండు మరలు వదులు చేయించండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుక్కు చేరి ఉంటాయి, లోపల ఉంటే మొదట అవే కారతాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మజ్జిగ రంగుకు తిరిగినా అదే సంగతి. నీళ్లు చేరిన గేర్‌బాక్స్‌లో బేరింగులు తుప్పు పడతాయి. వాటి చప్పుడు మాత్రం చాన్నాళ్ల తర్వాత గానీ వినబడదు. ఇలాంటి బండిని రేటు తగ్గించినా వదిలేయడమే మేలు.

టైరుకు రెండు పరీక్షలు. కొత్త టైరుకు వెంట్రుకల్లాంటి రబ్బరు మొలకలు, పదునైన గొబ్బల (టైరు మీది ఎత్తు గట్ల) అంచులు ఉంటాయి. తారు రోడ్డు మీద తిరిగితే గొబ్బల మధ్యభాగం ముందు అరుగుతుంది. టైరు పక్కన వరస చివర్లో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1825 అంటే 2025లో 18వ వారం. బండి ప్లేటు మీది తయారీ నెల కన్నా టైరు ముందే తయారై ఉండాలి. బండి తర్వాత తయారైనదైతే టైరు మార్చారు.

మొదటి 50 గంటలు

కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ ఒకదానికొకటి సర్దుకునేది మొదటి 50 గంటల్లోనే. దానికి మధ్యరకం లోడు కావాలి. ఆర్‌పీఎం పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. డెమో బండికి జరిగేది దీనికి రెండు విధాలా విరుద్ధం. పదిమంది చుట్టూ నిలబడి మాట్లాడుతుంటే గంటల తరబడి స్లోలో నడుస్తుంది, లేదా బలం చూపించడానికి ఒక్కసారిగా గట్టి నేలలో రోటావేటర్ దింపుతారు. ఎక్కువసేపు స్లోలో ఉంటే సిలిండర్ గోడ అద్దంలా నునుపెక్కి, రింగులు పట్టవు. ఆయిల్ తాగడం అక్కడే మొదలవుతుంది. రెండో రకం వాడకంలో వేడెక్కే ప్రమాదం.

తనిఖీ ఇలా. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే ఎవరో స్టార్ట్ చేశారు, చల్లారేదాకా ఆగండి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు కాసేపు తెల్లపొగ వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. తర్వాత అరగంటైనా కల్టివేటర్‌తో దున్నించండి. పూర్తి కొత్త బండిని ఇలా దున్ని చూపించమంటే ఎవరూ ఒప్పుకోరు, డెమో బండితో ఉన్న అసలైన లాభం ఇదే, వదులుకోవద్దు. దున్నాక ఇంజిన్ స్లోలో పెట్టి, ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు చూడండి. సన్నటి ఆవిరి సహజం. పొగ బుస్సు బుస్సుమని కొట్టినా, ఆయిల్ చుక్కలు పడినా రింగులు సర్దుకోలేదు.

క్లచ్ కోసం హ్యాండ్ బ్రేక్ బిగించి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, పెద్ద గేరు వేసి మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే మంచి ప్లేటూ కాలిపోతుంది. హైడ్రాలిక్ కోసం కల్టివేటర్‌ను పూర్తిగా ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా గమనించండి. కొంచెం జారి, టక్కున లేచి, మళ్లీ జారి తల ఊపుతుంటే లోపల ఆయిల్ లీకవుతోంది. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ ఆయిల్ తడి ఉంటే సీల్ పోయింది. దాన్ని మార్చాలంటే బండిని రెండుగా విడదీయాలి.

38 గంటల బండికి మొదటి సర్వీసు (మామూలుగా 50 గంటలకు) ముంగిట్లోనే ఉంది. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్ షోరూం ఖర్చుతో మార్పించి, టాపెట్లు, ఫ్యాన్ బెల్టు, క్లచ్ పెడల్ ప్లే, చక్రాల నట్లు సరిచూపించుకుని తీసుకోండి. మీటర్ 50 దాటి ఉండి సర్వీసు పుస్తకంలో మొదటి సర్వీసు నమోదు లేకపోతే వారంటీ దగ్గర పేచీ వస్తుంది. అలాంటి బండి వద్దు.

నిలబడిపోయిన బండి సంగతి

గంటలు తక్కువుండి వయసు ఎక్కువున్న బండిలో బ్యాటరీ, డీజిల్ ట్యాంకు, టైర్లు, వైరింగు చూడాలి. ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడితే ఆ తుప్పు ఫిల్టర్ మీదుగా పంపు దాకా పోతుంది. డీజిల్‌లోని నీళ్లు, మడ్డి పట్టే సెడిమెంటర్ గిన్నె విప్పితే తెలుస్తుంది. ఎలుకలు వైర్లు కొరికాయేమో బానెట్ కింద చూడండి. బ్యాటరీ కొత్తది అడగండి. ఇంకో మాట, ట్రాక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. బండి అంతకుముందు తయారైనా, మీకు ఇప్పుడు వేసే బిల్లులో 5 శాతమే ఉండాలి.

కాగితాలు

డీలర్ ట్రేడ్ సర్టిఫికెట్ (అమ్మకానికి ఉన్న బండ్లను తిప్పుకోవడానికి డీలర్‌కు ఇచ్చే అనుమతి) మీద తిరిగిన డెమో బండికి రిజిస్ట్రేషన్ ఉండదు. ఫారం 20 దరఖాస్తు, ఫారం 21 అమ్మకపు పత్రం, బండి రోడ్డుకు తగినదని కంపెనీ ఇచ్చే ఫారం 22 తో మీ పేరునే మొదటిసారి రిజిస్టర్ అవుతుంది. ఫారం 29, 30 (పేరు మార్పు కాగితాలు) ముందు పెడితే మాత్రం బండి ఇదివరకే ఇంకొకరి పేరున ఉంది, మీరు రెండో ఓనర్. అప్పు తీర్చలేక తిరిగొచ్చిన బండ్లు ఇలాగే ఉంటాయి. నంబర్ ప్లేట్ చూసి ఏ జిల్లా బండో పోల్చుకునే రోజులూ పోయాయి. పాత చిత్తూరు బండ్లకు ఏపీ 03 ఉండేది, 2019లో ఏపీ 39తో రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్ వచ్చింది. రెండో ఓనర్ బండికి బ్యాంకు ఇచ్చేది పాత బండి లోనే, సబ్సిడీకి అది కొత్త బండి కింద చెల్లుతుందా అన్నది వ్యవసాయ శాఖ ఆఫీసులో అడ్వాన్స్‌కు ముందే అడగండి. గంటలు పదే ఉన్నా దాన్ని పాత బండి రేటుకే బేరమాడండి. అదే మోడల్‌కు మొదటి ఓనర్, రెండో ఓనర్ రేట్లు పాత ట్రాక్టర్ల బ్రోకర్లను ఇద్దరు ముగ్గురిని అడిగితే తేడా చేతికొస్తుంది.

వారంటీ తేదీ విడిగా చూడాలి. నెలాఖరు టార్గెట్ కోసం, బండి యార్డులో ఉండగానే అమ్మేసినట్టు కంపెనీ సిస్టంలో ఎక్కించడం ఉంది. అలా చేస్తే వారంటీ ఆ రోజు నుంచే నడుస్తుంది. కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి ఛాసిస్ నంబర్ చెప్పి, వారంటీ ఎప్పుడు మొదలైందో, ఫ్రీ సర్వీసుల్లో ఎన్ని వాడారో అడగండి. షోరూం వాళ్ల ముందే స్పీకర్‌లో పెట్టి అడగండి.

అన్నీ సరిపోతే, మీ పేరే మొదటిదైతే, 50 గంటల లోపు డెమో బండిని నిశ్చింతగా తీసుకోవచ్చు. అరుగుదల రెండు మూడు వేలే గానీ తగ్గింపు అంతకు మించి అడగండి. తయారీ ఎన్ని నెలల వెనకటిదో ఆ లెక్క కూడా బేరంలోకి తేవాలి. డబ్బు తగ్గించనంటే ట్రాలీ హుక్కు, బంపర్, టాప్, ముందు వెయిట్లలో ఏదో ఒకటి రాబట్టండి. ఒప్పుకున్నవన్నీ బిల్లు మీద రాయించండి: "డెమో వాహనం, డెలివరీ నాడు మీటర్ ఇన్ని గంటలు, తయారీ ఫలానా నెల, వారంటీ డెలివరీ తేదీ నుంచి." కింద డీలర్ సంతకం, ముద్ర. మీటర్ అంకె, ఛాసిస్ నంబర్ రెండూ కనబడేలా షోరూంలోనే ఫోటోలు తీసుకోండి. తర్వాత మాట మారిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు గానీ ఫిర్యాదు చేసేటప్పుడు అడిగేది ఈ కాగితమే.