డీబీఎస్ చేయించే ముందు: వణుకు ఒక్కటే చూసుకుంటే చాలదు

పార్కిన్సన్స్ మాత్ర వేసుకున్న కాసేపే పనిచేసి, డోస్ దిగగానే ఒళ్ళు బిగుసుకుపోతుంటే డాక్టర్లు డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) గురించి చెబుతారు. మెదడులోకి సన్నటి తీగలు దించి, ఛాతీ దగ్గర చర్మం కింద బ్యాటరీ అమర్చి కరెంటు పంపే ఆపరేషన్ ఇది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు. వణుకు తగ్గుతుందా, నడక బాగుపడుతుందా అని అందరూ అడుగుతారు. ఆలోచన తీరు ఏమైనా మారుతుందా అని కూడా అడగండి.

డోపమైన్ అనే మెదడు రసాయనం కాళ్ళూ చేతులూ ఆడటానికే కాదు, ఒక ఆలోచన వదిలి ఇంకోదానికి మళ్ళడానికీ కావాలి. ఈ జబ్బు మొదట్లో కదలికలు చూసే భాగంలో అది బాగా పడిపోతుంది, లాభనష్టాలు, ఆశ చూసే భాగంలో అంతగా తగ్గదు. ఆ లోటు తీర్చే మాత్ర మాత్రం రెండుచోట్లకీ వెళ్తుంది. ఒకచోట లోటు తీరేసరికి రెండోచోట ఎక్కువైపోతుంది. అందుకే మాత్రతో ఒక పని నుంచి ఇంకోదానికి మళ్ళడం తేలికైన మనిషే, డబ్బు పోతున్నా పందెం వదల్లేకపోవచ్చు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులతో ఈ ముప్పు ఎక్కువ. 2010లో వెలువడిన 3,090 మంది రోగుల అధ్యయనంలో జూదం, అతిగా కొనడం, అతిగా తినడం, మితిమీరిన లైంగిక కోరిక, వీటిలో కనీసం ఒకటి 13.6 శాతం మందిలో కనిపించింది.

కరెంటు చేసే పని వేరు. తీగను తరచుగా సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే చోట పెడతారు. ఎటూ తేల్చుకోలేనప్పుడు 'కాస్త ఆగు' అనేది ఆ చోటే. 2007లో పరిశోధకుడు మైఖేల్ ఫ్రాంక్ బృందం పరీక్షిస్తే, స్టిమ్యులేషన్ ఆన్‌లో ఉన్న రోగులు అలాంటి చిక్కు ఎంపికల్లో ఆగకుండా టకటకా తేల్చేశారు.

కాబట్టి ఆపరేషన్‌కి ముందే జ్ఞాపకశక్తి, ఆలోచన, మాటల ధార పరీక్షలు చేయించండి. మాట తడుముకోవడం తర్వాత కొంత పెరగవచ్చు, అప్పుడు పోల్చుకోవడానికి పాత రిపోర్టు ఉండాలి. ఫోన్లో రమ్మీ, రాత్రిళ్ళు ఆన్‌లైన్ ఆర్డర్లు, కోరికతో భార్యను విసిగించడం లాంటివి ఉంటే డాక్టర్‌కి దాచకండి. మామగారి సంగతి కోడలు ఆయన ఎదురుగా ఎలాగూ చెప్పలేదు, విడిగా మాట్లాడే వీలు అడగండి. ఈ అలవాట్లు మందు చేసే పని, మనిషి బుద్ధి కాదు. ఆపరేషన్ అయ్యాక పరికరం సెట్టింగులు కుదురుకునే వరకు యూపీఐ పరిమితి తగ్గించి, స్థలాల అమ్మకాలు, హామీ సంతకాలు ఆయనకి చెప్పే వాయిదా వేయండి.

ఆపరేషన్ తర్వాత మందులు తగ్గిస్తారు. అప్పుడు కొందరు ఉలకరు, పలకరు, దేనిమీదా ఆసక్తి ఉండదు. వయసు మీద పడిందని వదిలేయకండి, డోసో సెట్టింగో మార్చాల్సి రావచ్చు. బతకాలని లేదన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

చేతులు బాగున్నాయని సొంతంగా మాత్రలు ఆపితే తీవ్ర జ్వరం, బిగుతుతో ప్రాణం మీదికి రావచ్చు. వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ వద్దని ఊళ్ళో డాక్టర్‌కి ముందే చెప్పండి, అది డోపమైన్‌ని అడ్డుకుంటుంది. ఫిజియోథెరపీలో డయాథర్మీ (కరెంటుతో ఒంటి లోపలికి వేడి పంపే చికిత్స) అస్సలు పెట్టించకూడదు. ఎంఆర్ఐ తీసేముందు పరికరం కార్డు చూపించాలి, అది ఎప్పుడూ జేబులోనే ఉండాలి.