గాలి అంటుకు వేర్లు రావడం లేదా? బెరడు ఒలిచిన చోటు చూడండి

జామకో దానిమ్మకో గాలి అంటు (చెట్టు మీదే కొమ్మకు కొంత బెరడు ఒలిచి, తడి నాచు చుట్టి, కవర్ కట్టి వేర్లు పుట్టించడం) కట్టి రెండు నెలలైంది, కవర్ విప్పితే ఒక్క వేరూ లేదు. వెంటనే వేర్లు రావడానికి వాడే హార్మోన్ పొడి ఇంకాస్త పూసి మళ్లీ కట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు నాచు తీసేసి, బెరడు ఒలిచిన చోటు కడిగి చూడండి.

పై బెరడూ కింది బెరడూ కొత్త బెరడుతో కలిసిపోయాయా? ఎక్కడో ఒక పక్క సన్నటి పట్టీలా కలిసినా సరే, కారణం అదే.

బెరడుకీ కర్రకీ మధ్య కేంబియం అనే పలుచని పొర ఉంటుంది. కొమ్మ లావెక్కేది దానివల్లే. లోపలికి కర్రను, బయటికి ఆహారం మోసే కణజాలాన్ని అదే పుట్టిస్తుంది. బెరడు ఒలిచాక కర్ర మీద వేలికి జిగటగా, జారుడుగా తగులుతుందే, అక్కడే ఉంటుంది ఈ పొర. వానాకాలంలో బెరడు చక్కగా ఊడి వచ్చేస్తుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. ఆ జారుడు మిగిలితే కొత్త బెరడు పుడుతుంది. ఆకులు చేసిన చక్కెరలు, వేర్లు పుట్టించే ఆక్సిన్ అనే మొక్క హార్మోన్ కిందికి దిగుతూ గాటు పై అంచు దగ్గర ఆగితేనే అక్కడ వేర్లు పుడతాయి. దారి మళ్లీ కలిస్తే అవి ఆగవు. కొమ్మ పచ్చగా ఉందని ధైర్యపడొద్దు, నీళ్లు ఎక్కేది కర్రలోంచి. బెరడు లేకపోయినా ఆకులు వాడవు.

కాబట్టి రెండున్నర, మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడు ఒలిచి, కత్తి వీపుతో కర్రను చుట్టూ గీకండి. కొమ్మ అడుగు వైపు, కణుపు పక్కన తప్పకుండా మిగిలిపోతుంది, అక్కడ రెండుసార్లు గీకండి. గుడ్డతో తుడిచి వేలు పెడితే జారకూడదు. కర్రలోకి మాత్రం గాటు పడనివ్వకండి. హార్మోన్ వాడితే పై అంచుకే రాయండి. తర్వాత పిండిన తడి నాచు పెట్టి, కవర్ రెండు చివర్లూ బిగించండి. ఇప్పటికే బెరడు కలిసిపోయి ఉంటే, కొమ్మ బలంగా ఉన్నంతవరకు అదే చోట మళ్లీ ఒలిచి గీకితే చాలు.

పై అంచున తెల్లటి గడ్డ కట్టి ఉంటే పని సవ్యంగానే నడుస్తోంది, నాచు ఆరిందేమో చూసి ఆగండి. నల్లబడి కుళ్లు వాసన వస్తే లోపల నీళ్లు నిలిచాయి, ఆ కొమ్మ వదిలేయండి. పైభాగం ఎండిపోతే సాధారణంగా కత్తి లోతుగా దిగి ఉంటుంది. కొబ్బరి, అరటి లాంటి వాటికి ఈ పొరే ఉండదు, వాటి మీద ఈ పద్ధతి పనిచేయదు.