మహేంద్రగిరిని కాలినడకన తొలిసారి చూడడం ఎలా

పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల తెలుగువారిలో చాలామంది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి కొండకు మొదటిసారి శివరాత్రికే వెళ్తారు. కిక్కిరిసిన జీపులో వెళ్లగలిగినంత ఎత్తుకు వెళ్లి, గుళ్లలో దండం పెట్టుకుని, చీకటి పడకముందే దిగివస్తారు. స్వామి దర్శనమైతే అవుతుంది గాని కొండను చూసినట్టు కాదు. పాదం దగ్గరికి చేరినవారికి ఎదురుగా ఉన్న చిన్న గుట్టలే అసలు శిఖరాన్ని కప్పేస్తాయి. అందువల్ల ఒక రోజు దూరం నుంచి చూస్తూ నడవడానికి, మరొక రోజు ఎక్కడానికి కేటాయించుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

దూరం నుంచి చూడడానికి తీరం వైపే సరైనది. ఎత్తు లెక్కన చూస్తే కొరాపుట్ జిల్లాలోని దేవమాలి 1672 మీటర్లతో ఒడిశాలోకెల్లా పెద్దది, మహేంద్రగిరి 1501 మీటర్లే. అయితే దేవమాలి పీఠభూమి మీద నిలిచి ఉండడం వల్ల దాని ఎత్తులో చాలా భాగం చూసేవారి కాళ్ల కిందే ఉండిపోతుంది. మహేంద్రగిరి తూర్పు పక్క అలా కాదు, సముద్రమట్టానికి కొద్దిపాటి ఎత్తులో ఉన్న మైదానం అంచున లేచి నిలబడుతుంది. బరంపురంవారు పలాస వైపు వెళ్లే రైలులో కుడి పక్క కిటికీ దగ్గర కూర్చుంటే ఇచ్ఛాపురం దాటాక కొండల వరుస వెంట వస్తూనే ఉంటుంది. మందస రోడ్డు స్టేషనులో దిగి, జీడితోటల నడుమ మందస ఊరి వైపు సాగే దారిలో నడిస్తే కొండ అడుగడుగునా దగ్గరవుతుంది. పర్లాకిమిడివారు ఇందుకోసం చుట్టు తిరిగి రావలసిందే, కాని ఆ శ్రమకు ఫలం ఉంది.

సమయం విషయంలో రాజీ పడకండి. సముద్రం వైపు నుంచి లేచిన సూర్యుడు ఉదయం వేళ తూర్పు వాలు మీద నేరుగా పడతాడు గనుక లోయలు, గట్లు విడివిడిగా తెలుస్తాయి. మధ్యాహ్నం దాటితే సూర్యుడు కొండ వెనక్కి వెళ్లి, నల్లని ఆకారం మాత్రమే మిగులుతుంది. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉంటుంది. పుష్య మాసపు పొగమంచు విడిపోయాక, పగటి మసక కమ్ముకోకముందు ఉండే ఆ రెండు మూడు గంటలే మీవి. అక్టోబరులో వాతావరణ హెచ్చరికలు చూడకుండా బయలుదేరవద్దు: 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను వల్ల గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి.

కొండను గుర్తుపట్టడంలో కొత్తవారు తడబడేది ఒకే చోట, దగ్గరున్నదాన్నే పెద్దదనుకోవడం. ఆగి, అరచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, రంగులను చూడండి. ముందు వరుసలో చెట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేంత పచ్చగా ఉంటాయి, దాని వెనుక వరుస బూడిద కలిసిన ఆకుపచ్చ, ఆ వెనుక నీలి గీత. మనకు కావలసినది ఆ నీలంలో ఉంటుంది. ఫోనులోని దిక్సూచి తీస్తే సోంపేట నుంచి దాదాపు నేరుగా పడమరకు, మందస నుంచి వాయవ్యానికి, పర్లాకిమిడి నుంచి ఈశాన్యానికి శిఖరం ఉంటుంది. ఆ దిక్కున మబ్బు తలపాగా చుట్టుకుని ఉంటే వెనుదిరగకండి, పక్కనున్న కల్వర్టు మీద కూర్చోండి. మబ్బు ఒక పక్కన పలచబడి, గట్టు అంచు ముందుగా బయటపడి, ఆ తరువాత శిఖరం తెలియడం చూసినవారికి కొండ ఎప్పటికీ మరుపు రాదు.

ఎక్కే రోజున గజపతి జిల్లా వైపు నుంచి, కొయింపురం మీదుగా వెళ్లండి. దారి తెలిసిన సవర తెగ పెద్దమనిషిని ఎవరినైనా మర్యాదగా అడిగి తోడు తీసుకోండి, ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. కింద కన్నా పైన దాదాపు తొమ్మిది డిగ్రీలు చల్లగా ఉంటుంది, గాలి కూడా బలంగా వీస్తుంది గనుక ఒక శాలువ సంచిలో ఉండాలి. పైన భీముడి గుడి దగ్గర గోడను తాకి చూడండి: చిన్న గుడికి అంత పెద్ద రాతి దిమ్మెలు ఎలా పేర్చారా అన్న ఆశ్చర్యం అప్పుడే కలుగుతుంది. ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గంగరాజుల రాగిరేకు దానశాసనాలు ఈ శిఖరం మీది గోకర్ణస్వామిని, అంటే శివుడిని, తొలి పంక్తుల్లోనే స్మరిస్తాయి. మైదానం నుంచి చూసి వచ్చినవారికి, ఆ రాజులు దానమిచ్చేటప్పుడల్లా ఈ కొండనే ఎందుకు తలచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు.

ఆకాశం తేటగా ఉంటే పై నుంచి తూర్పున సముద్రం కనిపిస్తుంది, మీరు నడిచిన దారి ఏ వైపు ఉందో వెతికి చూడండి. దిగడానికి మాత్రం మధ్యాహ్నమే బయలుదేరాలి. మందస, సోంపేట ప్రాంతాల జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి గనుక తీరం వైపు నడిచే రోజున కూడా బాగా తెల్లవారాకే రోడ్డెక్కి, పొద్దు వాలకముందే స్టేషనుకు చేరుకోండి, అడ్డదారిన తోటల్లోకి దిగవద్దు.