జాబ్ ఇప్పిస్తానన్నవాడికి డబ్బు కట్టే ముందు

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉద్యోగాల కోసం తిరిగే మన తెలుగు పిల్లల్ని ముంచే ఏజెంటు చాలాసార్లు తెలుగువాడే అయి ఉంటాడు. ఒడియాలో ఫారం నింపడానికి, హిందీలో ఇంటర్వ్యూకి తడబడే కుర్రాడికి "నేనున్నా కదా తమ్ముడూ" అనే మాట వినపడితే సగం నమ్మకం అక్కడే కుదిరిపోతుంది, ఇంట్లోవాళ్లు కూడా మనోడే కదా అని ఊరుకుంటారు. అందుకే మాట ఎంత తియ్యగా ఉన్నా, డబ్బు ఎవరి పేరున పడుతోందో ముందు చూడండి.

రైల్వేనే తీసుకోండి. రాయగడ డివిజన్‌లో ఖాళీలున్నాయి, పరీక్ష లేకుండా లోపలి నుంచి సెట్ చేస్తా అంటాడు. ఆర్ఆర్‌బీ (రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు) ఉద్యోగానికి నోటిఫికేషన్ నంబరు, మీ రోల్ నంబరు, మీరు రాసిన పరీక్ష ఉండాలి. మీరు పరీక్షే రాయనప్పుడు జాయినింగ్ లెటర్ ఎక్కడి నుంచి వస్తుంది? గుండ్రటి సీలు, మూడు సింహాల బొమ్మ ఏ జెరాక్స్ షాపులోనైనా వేయిస్తారు. లెటర్ వచ్చిన మెయిల్ ఐడీ చివర జీమెయిల్ అని ఉంటే ఇక చదవక్కర్లేదు. అప్లికేషన్ ఫీజు సాధారణంగా 500 రూపాయలు, కొన్ని వర్గాలకు 250, అదీ అధికారిక వెబ్‌సైట్‌లోనే కట్టాలి. ఎవరి ఫోన్‌పే నంబరుకో "మెడికల్ ఫీజు", తర్వాత "సెక్యూరిటీ డిపాజిట్", ఆపైన "ఫైలు కదలడానికి" అంటూ విడతలవారీగా అడుగుతున్నాడంటే అది మోసమే. ఒరిజినల్ సర్టిఫికెట్లు అసలే ఇవ్వకండి, రేపు వాటిని అడ్డం పెట్టుకునే మిగతా డబ్బు లాగుతాడు.

గల్ఫ్ పనులకైతే ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో వెతకండి. లైసెన్సు ఉన్నవాడు సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు, రసీదు ఇవ్వాలి. "ముందు విజిట్ వీసాలో వెళ్లు, అక్కడ మార్పిస్తాం" అంటే ఒప్పుకోకండి. కంబోడియాలో డేటా ఎంట్రీ అని నమ్మి వెళ్లిన మనవాళ్లు కొందరు అక్కడ సైబర్ మోసాల అడ్డాల్లో ఇరుక్కున్నారు.

టెలిగ్రామ్‌లో రేటింగులు ఇచ్చే పార్ట్‌టైమ్ పనుల జోలికి వెళ్లొద్దు, అంతే. బ్యాంకు ఖాతా అద్దెకివ్వమన్నా ఇవ్వకండి, దొంగ డబ్బు మీ ఖాతాలో తిరిగితే పోలీసులు ముందు మీ గుమ్మం దగ్గరికే వస్తారు.

ఇప్పటికే కట్టేశారా? సిగ్గుపడుతూ కూర్చుంటే వాడికే లాభం. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. పేమెంట్ యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి వచ్చే నంబరు), చాట్ స్క్రీన్‌షాట్లు, వాడి నంబరు దగ్గర పెట్టుకోండి, కోపంలో చాట్ డిలీట్ చేయకండి. ఇక మన సరిహద్దు టెన్షన్ ఒకటుంది: మీరుండేది పర్లాకిమిడి, డబ్బు తీసుకున్నవాడు పక్కనే పాతపట్నంలో, అంటే ఆంధ్రాలో. ఇది మా పరిధి కాదని స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలని 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173వ సెక్షన్ చెబుతోంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకుని బయటికి రండి.